మోతకు ముందు ముప్పుకు ఖర్చు

పదేళ్లు దాటిన కారున్న ఇంట్లో డబ్బు ఎక్కడ వృథా అవుతోందని అడిగితే ఎక్కువమంది స్పేర్ పార్టుల ధరలంటారు, కొందరు మెకానిక్ కూలి అంటారు. నా లెక్కలో అసలు నష్టం ఖర్చు వరుస తప్పడంలో ఉంది. బండిలో ఏది గట్టిగా మోగితే దానికి ముందు డబ్బు తీస్తాం. చప్పుడు చేయకుండా పాడయ్యేదాన్ని వచ్చే నెలకు నెట్టేస్తాం. కానీ పాత కారులో శబ్దానికీ ప్రమాదానికీ పొంతన తక్కువ. తలుపు రబ్బరు ఎండిపోతే స్పీడు పెరగగానే గాలి రొద మొదలవుతుంది, ఇక బండి పనైపోయిందని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. దానివల్ల ఎవరికీ ఏమీ కాదు. బ్రేక్ ఆయిల్‌లో తేమ చేరితే మాత్రం పిసరంత చప్పుడు కూడా రాదు. ఘాట్ రోడ్డులో పెడల్ మెత్తబడి కిందికి జారిన రోజే ఆ సంగతి బయటపడుతుంది. అందుకే పాత బండికి పెట్టే రూపాయి ముందు ముప్పును చూడాలి, తర్వాత మోతను చూడాలి. ఈ వరుస పాటిస్తే బండి మరికొన్నేళ్లు నమ్మకంగా తిరుగుతుంది, కొత్త కారు అప్పు ఆ మేరకు వెనక్కి పోతుంది. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

నర్సీపట్నంలో ఉండేవాళ్లకు ఈ వరుస మరీ అవసరం. ఈ ఊరి నుంచి ఏ దారి పట్టినా ఆ దారి బండిలో ఒక్కో భాగం సంగతి తేలుస్తుంది. మాకవరపాలెం మీదుగా తాళ్లపాలెం చేరి పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కితే నున్నటి రోడ్డు మీద ఒకే స్పీడులో కిలోమీటర్ల తరబడి పోతాం. టైర్ల హోరు, బేరింగ్ రొద, తలుపు సందుల్లోంచి వచ్చే గాలి అక్కడే తెలుస్తాయి. చోడవరం వైపు వెళ్లే భీమిలి-నర్సీపట్నం రోడ్డు, అంటే అందరూ పిలిచే బీఎన్ రోడ్డు, గుంతలకు పేరుపడింది. లింకు రాడ్లు, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు ఏ స్థితిలో ఉన్నాయో ఆ గుంతలే చెప్పేస్తాయి. ఇక చింతపల్లి దారిలో లంబసింగి ఘాట్ బ్రేకుల సంగతి తేలుస్తుంది. ఈ మూడు పరీక్షలూ ఊరి చుట్టూనే దొరుకుతున్నాయి. ఏ చప్పుడు ఏ రోడ్డు మీద వచ్చింది, ఎంత స్పీడులో వచ్చింది, బ్రేకు తొక్కినప్పుడా వదిలినప్పుడా అన్నది కాగితం మీద రాసుకున్నాకే షెడ్డుకు వెళ్లాలి. ఆ కాగితం లేకుండా వెళ్తే మెకానిక్ ఊహ మీద పని మొదలవుతుంది, ఆ ఊహకు బిల్లు మనం కడతాం.

ఘాట్‌లో బ్రేకుల మీద పడే భారం ఎంతో ఒకసారి లెక్క వేసి చూద్దాం. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. మనుషులతో కలిపి 1,100 కిలోలున్న చిన్న కారు అక్కడి నుంచి 800 మీటర్లు కిందికి దిగిందనుకుందాం. అంత ఎత్తు దిగడంలో విడుదలయ్యే శక్తి దాదాపు 86 లక్షల జౌళ్లు. ఇంచుమించు ముప్ఫై లీటర్ల చన్నీళ్లను మరగబెట్టడానికి సరిపోయేంత వేడి అది. అందులో గాలి కొంత, టైర్లు కొంత, ఇంజన్ కొంత తీసుకుంటాయి. మిగిలిందంతా డిస్కులూ డ్రమ్ములే భరించాలి. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా తట్టుకోవాలని ప్రమాణం. తేమ పీల్చుకున్న ఆయిల్‌కు ఆ హద్దు 140 డిగ్రీలే. డాట్ 4 రకానికి ఇవే అంకెలు 230, 155. హద్దు దాటి మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. మన కాలి బలం ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. ఈ ఆయిల్ గాలిలోని తేమను దానంతట అదే పీల్చుకుంటుంది కాబట్టి, కారు నెలకు రెండుసార్లే బయటికి తీసినా రెండేళ్లకోసారి మార్చాల్సిందే. బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా చూడండి. కొత్త ఆయిల్ లేత పసుపు రంగులో ఉంటుంది, డికాషన్ రంగుకు తిరిగితే కాలం చెల్లినట్టే. మట్టం కింది గీత వైపు దిగుతుంటే ప్యాడ్లు అరుగుతున్నాయి, లేదా ఎక్కడో కారుతోంది. కారణం వెతక్కుండా పైనుంచి పోసి నింపేస్తే ఆ రెండు కబుర్లనూ కప్పిపెట్టినట్టే. చిన్న కారుకు ఆయిల్ మార్పించే ఖర్చు, కూలితో కలిపినా, సాధారణంగా సగం ట్యాంకు పెట్రోలు డబ్బు దాటదు.

ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేస్తే పెట్రోలు మిగులుతుందనే పొదుపు లెక్క ఒకటి ఇంకా చాలామంది నమ్ముతున్నారు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కార్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజన్‌కు పెట్రోలు ఆగిపోతుంది, చక్రాలే దాన్ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది, బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. ఇంజన్ కూడా ఆపేస్తే రెండు మూడు తొక్కులకే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, ఎందుకంటే బూస్టర్‌కు వ్యాక్యూమ్ ఇచ్చేది ఇంజనే. ఎక్కిన గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాట ప్రాణానికీ మంచిది, జేబుకూ మంచిది.

బ్రేకు గుర్తుల్ని విడివిడిగా చదవగలిగితే అక్కర్లేని సామాను కొనడం తప్పుతుంది. తొక్కినప్పుడు సన్నగా కీచుమంటే ప్యాడ్ అరుగుదల చివరికి వచ్చిందనో, దుమ్ము పట్టిందనో అర్థం. ప్యాడ్ మీది మెటీరియల్ మూడు మిల్లీమీటర్లకు దిగితే మార్చేయాలి. కీచు పోయి గరగర మొదలైతే ఇనుము ఇనుమును కోస్తోంది. అప్పటికి రెండు వేల రూపాయలకు అటూ ఇటూ ఉండే ప్యాడ్ల ఖర్చు డిస్కుల ఖర్చుగా మారిపోయినట్టే. తొక్కినప్పుడు స్టీరింగ్, పెడల్ అదురుతుంటే డిస్కు మందం అంతటా ఒకేలా లేదన్నమాట. డిస్కు మీద అచ్చు వేసిన కనీస మందం ఇంకా మిగిలి ఉంటే లేత్ పనితో సరిపోవచ్చు, లేకపోతే జతగా మార్చాలి. బండి ఒక పక్కకు లాగితే, ఘాట్ దిగాక నాలుగు చక్రాల్లో ఒక్కటే మిగతావాటికంటే వేడెక్కితే, క్యాలిపర్ పట్టేస్తోందని అనుమానించాలి. పెడల్ మెత్తగా ఉంటే గాలి లేదా తేమ. పట్టి ఉంచిన పెడల్ మెల్లగా కిందికి దిగిపోతే మాస్టర్ సిలిండర్. వీటిలో ఆ చివరి రెండూ చప్పుడు చేయవు, కానీ బండిని అదే రోజు ఆపేయాల్సినవి అవే.

ఇక రోడ్డు మోత. హైవే మీద వచ్చే హోరుకు ముఖ్యంగా ఇద్దరు నిందితులు, టైరు లేదా హబ్ బేరింగ్. ఈ ఇద్దరినీ విడదీయడానికి పైసా ఖర్చు లేదు. సిమెంటు రోడ్డు మీది హోరు కొత్త తారు మీదికి రాగానే మారితే అది టైరు. ఏ రోడ్డైనా ఒకేలా ఉండి స్పీడుతో పాటు పెరుగుతుంటే బేరింగ్ మీద అనుమానం. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ కొద్దిగా ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రాల మీదికి వెళ్తుంది. అప్పుడు రొద పెరిగితే కుడివైపు చూడాలి, తగ్గితే ఎడమవైపు. అయినా తేలకపోతే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్పించి చూడాలి. రొద టైరుతో పాటు జరిగితే బేరింగ్ నిర్దోషి. టైరు మీద అరచేత్తో ఒక దిక్కుకు నిమిరి, మళ్లీ ఎదురు దిక్కుకు నిమరండి. ఒక దిక్కుకు నున్నగా, ఇంకో దిక్కుకు రంపం పళ్లలా తగిలితే అలైన్‌మెంట్ తప్పింది. దాన్ని సరిచేయకుండా కొత్త టైర్లు వేస్తే అవీ అదే దారిన పోతాయి. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది. 2318 అంటే 2018లో 23వ వారంలో తయారైందని. గాడి లోతు చట్టం చెప్పే 1.6 మిల్లీమీటర్ల పైన ఉన్నా, ఏళ్లు గడిచి గట్టిపడిన రబ్బరు తడి రోడ్డును పట్టుకోలేదు. బ్రేకు ఎంత బాగున్నా చివరికి బండిని ఆపేది ఆ రబ్బరే.

ఈ తేడాలు తెలిశాక ఖర్చును నేను మూడు వరుసలు చేస్తాను. బండి ఆగడానికి కావలసినవి, అంటే ఆయిల్, ప్యాడ్లు, లైనర్లు, బ్రేకు గొట్టాలు, టైర్లు, మొదటి వరుస. ఇక్కడ బేరం లేదు, వాయిదా లేదు. ఆలస్యమైతే పక్క భాగాన్ని కూడా పాడుచేసేవి, అంటే బేరింగులు, బాల్ జాయింట్లు, బుష్‌లు, రెండో వరుస. వీటికి వారాల గడువు ఇవ్వొచ్చు, నెలలు ఇవ్వకూడదు. తలుపు రబ్బర్లు, డాష్‌బోర్డు కటకటలు, సౌండు తగ్గించే షీట్లు మూడో వరుస. మొదటి రెండూ తేలాక డబ్బు మిగిలితేనే వీటి మాట. ఎక్కువమంది ఈ మూడో వరుసతోనే మొదలుపెడతారు, ఎందుకంటే ఇంట్లో గొడవ దాని గురించే జరుగుతుంది.

ఇదంతా మెకానిక్ చూసుకునే పని, మనకెందుకనే అభ్యంతరం ఒకటుంది. మెకానిక్ నేర్పును నేను తక్కువ చేయను. కానీ మన దగ్గర కూలి సామాను మార్చినందుకు ఇస్తారు, చప్పుడు ఎక్కడిదో వెతికినందుకు ఎవరూ ఇవ్వరు. వెతకడానికి డబ్బు రానప్పుడు మార్చి చూద్దామనే పద్ధతే మిగులుతుంది. అందుకే జాకీ ఎత్తి, చక్రాలు విప్పి చూసినందుకు విడిగా కూలి ఇస్తానని ముందే చెప్పడం లాభం. తీసిన పాత భాగాలు ఇవ్వమని అడగడం కూడా మన హక్కే.

ఇంకో అభ్యంతరం మరింత బలమైనది. లక్షన్నర పలకని బండికి ఏడాదిలో నలభై వేలు పెట్టడం తెలివా, అమ్మేస్తే పోదా అంటారు. ఇక్కడ పోల్చవలసిన అంకె మారిపోతోంది. రిపేరును బండి అమ్మకం ధరతో పోల్చకూడదు, దాని బదులు కొనే బండి ఏడాది ఖర్చుతో పోల్చాలి. ఐదు లక్షల అప్పు తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెల వాయిదా సుమారు 10,500 రూపాయలు. ఏడాదికి 1,26,000, ఐదేళ్లలో వడ్డీయే 1,30,000. కొత్త బండి విలువ ఎలా కరుగుతుందో బీమా పట్టికే చెబుతుంది. రెండో ఏట 20 శాతం, ఐదో ఏటికి సగం తరుగు కడతారు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను 18 శాతానికి తగ్గింది కదా, ఇదే అదను అనేవాళ్లూ ఉన్నారు. అంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది కాబట్టి ఏడు లక్షల బండికి దాదాపు అరవై వేలు కలిసొచ్చే మాట నిజమే. ఆ పట్టిక ప్రకారం మొదటి ఏడాది తరుగే దానికంటే ఎక్కువ. పైగా అదే రోజు నుంచి ఆటో విడిభాగాల మీదా పన్ను ఒకే 18 శాతం అయింది, అంటే అంతకుముందు 28 శాతం పన్ను పడిన చాలా సామాను రిపేరు చేయించుకునేవాళ్లకూ చౌకైంది.

అలాగని పాత బండిని ఎల్లకాలం మోయమని నేను చెప్పను. ఛాసిస్ తుప్పు పడితే, సామాను దొరకడం మానేస్తే ఆపేయాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు ఐదు వేలు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో పది వేలు చేశారు. ఆ గడువు ముందు పెద్ద ఖర్చు పెట్టేటప్పుడు రెండుసార్లు ఆలోచించాలి. నా వాదనకు అసలైన ఎదురు మాట ఏబీఎస్, అంటే బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. అది అన్ని కార్లకూ తప్పనిసరైంది 2019 ఏప్రిల్ నుంచి. అంతకుముందు చాలా చిన్న కార్లలో అది లేదు, ఏ రిపేరూ దాన్ని తెచ్చిపెట్టదు. వానాకాలంలోనూ తరచుగా ఘాట్ ఎక్కే కుటుంబానికి బండి మార్చడానికి అది సరైన కారణమే. అప్పుడు కూడా కొత్త కారుకంటే 2019 తర్వాతి సెకండ్ హ్యాండ్ కారు వైపు మొగ్గడం లెక్కకు నిలుస్తుంది, ఎందుకంటే పెద్ద తరుగు అప్పటికే వేరేవాళ్లు భరించారు.

సగం ధరకు లోకల్ సామాను దొరుకుతుంటే కంపెనీ సామాను ఎందుకన్న ప్రశ్నకూ ఆ మూడు వరుసలే జవాబు. తలుపు రబ్బరులో మిగిల్చుకోండి, బ్రేకు ప్యాడ్‌లో వద్దు. ప్యాడ్ బిల్లుతో కొనండి. బీమా ఉంది కదా అని కూడా అనుకోకండి. అరుగుదలకు, యంత్రం మొరాయించినందుకు మామూలు పాలసీ ఒక్క రూపాయి ఇవ్వదు. పదేళ్లు దాటిన బండికి ప్రమాదం జరిగినా, ఇనుప భాగాల ధరలో సగం తరుగు కింద కోసేస్తారు. ఆ లోటుకు మన చేతిలో ఉన్న విరుగుడు నెలకు రెండు వేలు బండి పేరిట రికరింగ్ డిపాజిట్‌లో వేయడం. ఏడాదికి ఇరవై నాలుగు వేలవుతుంది. కొత్త కారు రెండున్నర నెలల వాయిదా కూడా కాదు అది.

ఈ చలికాలం లంబసింగి మంచు చూడటానికి పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరే ముందు, మీ బండికి బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్పించారో ఒకసారి బిల్లులు తిరగేసి చూడండి. రెండేళ్లు దాటినా, బిల్లే దొరకకపోయినా, మార్పించాకే ఘాట్ ఎక్కండి.