తాళం తప్పని బొమ్మలు

శబ్దాన్ని కాంతిరేఖలుగా మార్చి ఫిల్ము అంచున ముద్రించే ఫోనోఫిల్మ్ పద్ధతిని ఫ్లైషర్ సోదరులు 1920ల మధ్యకాలంలోనే తమ పాటల కార్టూన్లకు వాడినప్పటికీ, బొమ్మ కదలికకూ ధ్వనికీ గల లంకెను ప్రేక్షకుల మనసుల్లో నాటినది 1928 నవంబరు 18న న్యూయార్కులో విడుదలైన వాల్ట్ డిస్నీ చిత్రం 'స్టీమ్‌బోట్ విల్లీ'. సెకనుకు 24 ఫ్రేములు, అనగా 24 నిశ్చలచిత్రాలు, కదిలే ఫిల్ములో 12 ఫ్రేములకొక దెబ్బ వేస్తే నిమిషానికి 120 దెబ్బలు పడతాయి. ఇటువంటి లెక్కతోనే, మెట్రోనోమ్ అనే లయసూచక యంత్రం సాయంతో, డిస్నీ బృందంలోని విల్‌ఫ్రెడ్ జాక్సన్ ఆ చిత్రానికి కాలప్రమాణం కుదర్చగా, ధ్వనిముద్రణలో వాద్యబృందాన్ని తెరపై ఎగిరిపడే బంతి గుర్తు నడిపించింది. చిత్రనాయకుడైన ఎలుక మిక్కీ, ఆవు పళ్లను వాద్యంగా వాయించే ఘట్టంలో దెబ్బా నాదమూ ఒకే క్షణాన కలవడమే హాస్యానికి మూలం గనుక, అక్కడి అల్లరి అంతా గణితం చలవే అనుకోవాలి.