అడుగుజాడలు

వన్యమృగములు మన కన్నులకు కనబడుట అరుదు. వాని జాడలు మాత్రము కనబడును. పెక్కు జంతువులు రాత్రివేళ సంచరించి, తెల్లవారుసరికి పొదలలో దాగుకొనును. కావున అడవిని ఎరుగగోరువాడు ముందుగా నేలను చూడనేర్వవలెను.

మన బెంగుళూరునకు దక్షిణమున బన్నేరుఘట్ట అరణ్యము గలదు. 1974లో దానిని జాతీయోద్యానముగా ప్రకటించిరి. సెలవు దినములలో ఆ ప్రక్క పల్లెలకు పోవుట నాకు అలవాటు. ఆనేకల్, హోసూరు ప్రాంతములలో తెలుగు మాటలాడు రైతు కుటుంబములు పెక్కు గలవు. వారు గట్టుమీది అడుగును జూచి జంతువును చెప్పగలరు. నేను ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో నల్లమల చెంచుల జాడపట్టు నేర్పును గూర్చి వినియుంటిని. నేడు వారిలో కొందరు పులుల సంరక్షణమున అటవీశాఖకు తోడ్పడుచున్నారు. విద్య బడిలోనే గలదనుకొనువారికి వీరే సమాధానము.

చిరుతపులి అడుగులో నాలుగు వ్రేళ్ళు, వెనుక వెడల్పైన అరికాలి ముద్ర కనబడును. నడచునప్పుడు గోళ్ళను లోనికి ముడుచుకొనును గనుక వాని గుర్తులుండవు. కుక్క, నక్క, రేచుకుక్కల అడుగులలో గోళ్ళు సామాన్యముగా కనబడును. ఎలుగుబంటి వెనుకకాలి ముద్ర మనుష్యుని పాదమును బోలును. ముందుకాలి ముద్రకు ఎదుట పొడవైన గోళ్ళ గుంటలు పడును. త్రవ్విన చెదపుట్టలు, పండ్లగింజలతో నిండిన మలము దానికి సాక్ష్యములు. దుప్పి, కణితి గిట్టలు రెండుగా చీలియుండును. అడవిపంది జాడలో, మెత్తని నేలపై, వెనుకనున్న చిన్నగిట్టల గుర్తులు కూడ పడును. ఏనుగు ముందుకాలి ముద్ర గుండ్రముగను, వెనుకకాలిది కోలగను ఉండును. ముందుకాలి ముద్ర చుట్టుకొలతను దారముతో కొలిచి రెట్టింపు చేసినచో, ఆ ఏనుగు భుజము ఎత్తు ఇంచుమించుగా తెలియును.

అయినను జాడ అన్నియు చెప్పదు. ఏ జాతి జంతువో చెప్పును గాని, ఆ జాతిలో ఏ ఒక్కటియో నిశ్చయముగా చెప్పజాలదు. 1972లో దేశమందలి పులులను పాదముద్రలను బట్టియే లెక్కించి 1827 అని తేల్చిరి. రాజస్థానమందలి సరిస్కాలో లెక్కలయందు పులులుండగా, అడవిలో ఒక్కటియు లేదని 2005లో బయటపడెను. పిదప ఛాయాచిత్రములలో చారలను బట్టి గుర్తించు పద్ధతి ప్రధానమైనది. నాగరహొళెలో ఈ పద్ధతిని వృద్ధిచేసినవారు మన కర్ణాటక శాస్త్రజ్ఞులైన ఉల్లాస్ కారంత్ గారు.

రాగిపంట కోతకు వచ్చు దినములలో ఏనుగులు పొలములలోనికి దిగును. వెచ్చని లద్దెగాని, అంచు చెదరని అడుగుగాని కనబడినచో ఏనుగు సమీపముననే యున్నదని అర్థము. అప్పుడు ముందునకు పోక వెనుదిరుగుటయే విద్య. ఏనుగుల వలన ప్రాణములు కోల్పోవువారు ఏటేట గలరు.

విద్యార్థులారా! మనము జాడ యనుదానిని కన్నడ సోదరులు జాడు అందురు. మన చిరుత వారికి చిరతె. గిట్ట, పెంటిక, లద్దె వంటి మన మాటలు పుస్తకములలో కంటె గట్లమీదనే ఎక్కువగా బ్రతికియున్నవి. వానిని పలుకువారు మన ఇండ్లలో తగ్గుచున్నారు. మాట పోయినచో చూపును మందగించును. మీ తాతగారిని, అమ్మమ్మగారిని అడిగి అట్టి మాటలను వ్రాసికొనుడు. వాన వెలిసిన మరునాడు పాఠశాల ఆవరణలోని తడిమట్టిలో కుక్క అడుగును, పిల్లి అడుగును ప్రక్కప్రక్కన పోల్చి, ఈ విద్యను ఆరంభింపుడు.