వాయిదా పడిన యాత్ర

పదవీ విరమణానంతరము నాకు సంగీతగురువు మా మనుమడు. ఒకనాటి సాయంకాలము వాడు తన ఇయర్‌ఫోనును నా చెవిలో నుంచి, "తాతయ్యా, దీనిని ర్యాప్ అందురు" అనెను. తాళము విడువక, వడివడిగా మాటలు పేర్చుచు పలుకు పాట అది. యతి కనబడలేదు గాని అంత్యప్రాసలకు కొదువ లేదు. మాటలు మాత్రము సగము నాకందలేదు.

పాడినవాడు అమెరికాలోని చికాగో నగరవాసి, ఛాన్స్ ది ర్యాపర్ అను ఛాన్సలర్ బెనెట్. మీలో కొందరు అతని పాటలు వినియుందురు. ఉన్నతపాఠశాలలో చదువుచుండగా పది దినములు బడికి రావలదని అతనిని శిక్షించిరి. ఆ దినములలో మొదలిడిన పాటలే 2012లో "టెన్ డే" అను పేర వెలువడినవి. నేనును అట్టి ఉత్తరువులపై సంతకములు చేసినవాడనే. ఇంటికి పంపిన పిల్లవాడు ఆ దినములలో ఏమి చేయునో ఏనాడును విచారింపలేదు.

అతడు ఏ రికార్డు కంపెనీతోను ఒప్పందము చేసికొనక, తొలి పాటలను శ్రోతలకు ఉచితముగా నిచ్చెను. అంగళ్ళలో అమ్మక, అంతర్జాలమున మాత్రమే వినిపించిన "కలరింగ్ బుక్" అను పాటల సంపుటికి 2017లో గ్రామీ బహుమతి వచ్చెను. అట్టి సంపుటికి ఆ బహుమతి వచ్చుట అదియే మొదలు. ఆ యేడే చికాగో ప్రభుత్వపాఠశాలలకు పది లక్షల డాలర్లు విరాళమిచ్చెను. పాట ఉచితమైనచో సంసారమెట్లు జరుగును? ఊరూర కచేరీలు చేయవలయును. అట్టి గాయకునికి యాత్రయే పంట.

చిక్కంతయు ఇక్కడనే. 2015లో పెద్ద కుమార్తె పుట్టిన రెండు వారములకే అతడు యాత్రకు బయలుదేరెను. 2019లో రెండవ కుమార్తె పుట్టినప్పుడు మరియొక యాత్ర సిద్ధముగా నుండెను. అతడు దానిని మరుసటి జనవరికి వాయిదా వేసి, మొదటి బిడ్డ ముచ్చటలు పెక్కు చూడలేకపోతినని, బిడ్డతల్లికి అవసరమైనప్పుడు దగ్గర లేనైతినని బహిరంగముగా ఒప్పుకొనెను. డిసెంబరులో ఆ యాత్రను పూర్తిగా రద్దు చేసెను. కుటుంబమొక్కటే కారణము కాదు. క్రొత్త పాటలు కట్టుకొందుననియు చెప్పెను. టిక్కెట్లు కొన్నవారు నొచ్చుకొనియే యుందురు.

మనుమడు ఇది చెప్పుచుండగా మా అమ్మాయి వంటింటినుండి వచ్చి నిలిచినది. ఆమె తొలి అడుగులు వేసిన వేసవిలో నేను పబ్లిక్ పరీక్షల జవాబుపత్రములు దిద్దుటకై జిల్లాకేంద్రమున నుంటిని. పత్రమునకింత యని వచ్చు పైకము ఆనాడు మాకు కావలసినదే. తిరిగివచ్చునప్పటికి బిడ్డ తప్పటడుగులతో గడపవరకు వచ్చి, నన్ను చూచి, గిరుక్కున మరలి తల్లి కుచ్చిళ్ళ వెనుక దాగినది. "ఎవరో క్రొత్తవారనుకొన్నది" అని నా భార్య నవ్వెను. నేనును నవ్వితిని.

ఆ సంగతి అమ్మాయికి చెప్పవలెననిపించి, చెప్పలేకపోతిని. "అందరికిని వినబడునట్లు మరల పెట్టరా" అని మనుమనితో నంటిని. ఆమె చేతులు తుడుచుకొనుచు వచ్చి నా ప్రక్కన కూర్చున్నది.