మళ్ళీ సున్నా దగ్గర

మా ఊరు కేసముద్రం. కాజీపేట నుండి విజయవాడకు పోయే రైలు మార్గంలో నెక్కొండ దాటిన తరువాత, మహబూబాబాదుకు ముందు వచ్చే స్టేషను. ఊరికి ఆయువుపట్లు రెండు: ఒకటి రైలు స్టేషను, రెండవది వ్యవసాయ మార్కెట్టు. రైలింజను డ్రైవర్లను ఇప్పుడు లోకో పైలట్లని వ్యవహరిస్తున్నారు. కాబట్టి మా అన్న పైలటు అయినాడని తెలిసినప్పుడు వీధి చివరి ఛాయ్ హోటలు యజమాని, "గూడ్సా, ప్యాసింజరా?" అని అడిగాడు. అన్న నవ్వి, చేయెత్తి ఆకాశాన్ని చూపించాడు.

ఆ అన్నను గూర్చి, ముఖ్యంగా ముప్పైరెండవ ఏట అతడు తిరిగి విద్యార్థి అయిన వైనాన్ని గూర్చి, నాలుగు మాటలు వ్రాయాలని ఈ ప్రయత్నం.

మా నాయన మార్కెట్టులో దడ్వాయి. రైతులు తెచ్చిన మిర్చిని, మక్కలను, వడ్లను కాంటా మీద తూచి చీటీ వ్రాయడం ఆయన వృత్తి. అన్న చదువు కొరకు రెండెకరాల చెలక అమ్మారు. చాలనిది బ్యాంకులో అప్పు తెచ్చారు. వాణిజ్య విమాన చోదకుని లైసెన్సు రావాలంటే 200 గంటలు విమానం నడపాలి. నౌకాయానం వలె దిక్కులెరిగే శాస్త్రం, వాతావరణ శాస్త్రం, వైమానిక నిబంధనలు మొదలైన పరీక్షలు నెగ్గాలి. కన్ను, చెవి, గుండె నిర్దుష్టంగా ఉన్నవని వైద్యులు ధ్రువీకరించాలి. అంతటితో ఉద్యోగం వచ్చినట్లు కాదు. ఏ రకం విమానం నడపదలచుకొంటే ఆ రకానికి వేరుగా శిక్షణ పొందాలి. అన్న ఏటీఆర్ అనే పంకాల విమానంలో ఆ శిక్షణ పొంది, పరరాష్ట్రానికి చెందిన ఒక చిన్న ప్రాంతీయ సంస్థలో చేరాడు. డెబ్బది మందిని మోసుకొని చిన్న పట్టణాలకు పోయే విమానమది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం క్రింద హైదరాబాదు నుండి కడపకు, నాందేడుకు విమానాలు ఆరంభమైన వార్త చదివిన నాడు, ఇక మన వంటి ఊళ్ళ పిల్లలకు కూడా ఆకాశంలో చోటున్నదని నాయన సంబరపడ్డాడు.

ఇక్కడ 'బేసు' అనే మాటను వివరించాలి. పైలటు పని ఏ విమానాశ్రయంలో మొదలై, తిరిగి ఏ విమానాశ్రయంలో ముగుస్తుందో అది అతని బేసు. పనిమీద వేరే ఊరిలో రాత్రి గడిపితే బస సంస్థది. బేసులో ఇల్లు మాత్రం తానే చూసుకోవాలి. కుటుంబం ఒకచోట, బేసు మరొకచోట అయితే సెలవు దినాలు ప్రయాణాలకే ఖర్చవుతాయి. బేసు మార్పు కోరేవారి జాబితాలో ఎవరు ముందు చేరితే వారు పెద్ద. ప్రతిభ కాదు, చేరిన తేదీయే అక్కడ ప్రమాణం. అన్న తూర్పు దేశంలోని బేసులో మూడేళ్ళు గడిపి, చివరకు హైదరాబాదు సంపాదించుకొన్నాడు. అమ్మ ఆ నెల రెండు మార్లు గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పచ్చళ్ళు మోసుకొనిపోయింది.

ఏడు నెలలు గడిచాయో లేదో, ఆ సంస్థ విమానాలు నిలిచిపోయాయి. జీతం ఆగింది, బ్యాంకు వాయిదా ఆగలేదు. అన్న ఇల్లు చేరాడు. ఉదయం మార్కెట్టులో నాయన వద్ద చీటీలు వ్రాసేవాడు, సాయంత్రం పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. నేను 2022లో ఇంటర్మీడియట్ ముగించి కూడా ఇంటి పరిస్థితి వలన డిగ్రీలో చేరలేదు. ఇద్దరమూ రెండేళ్ళు ఒకే కప్పు క్రింద, ఒకరి ముఖం ఒకరు చూడలేక గడిపాము.

2024 వేసవిలో వేరొక సంస్థ నుండి అన్నకు ఉత్తరం వచ్చింది. పరీక్షలో, ముఖాముఖిలో నెగ్గినందున కొత్తగా చేరేవారి శిక్షణకు సెప్టెంబరు మొదటి వారంలో హాజరు కావాలని, సీనియారిటీ చేరిన దినం నుండే లెక్కిస్తామని, బేసును శిక్షణ ముగిసిన పిదప సంస్థ అవసరాన్ని బట్టి నిర్ణయిస్తామని అందులోని సారాంశం. విమానం కూడా కొత్తదే, ఎయిర్‌బస్ జెట్టు. పాత సంస్థ నిలిచి ఉంటే అన్న మరి రెండేళ్ళలో కెప్టెన్ కావలసినవాడు.

"నాకంటె ఎనిమిదేండ్లు చిన్నోళ్ళ వెనుక నిలబడాలె. హైదరాబాదు మళ్ళ ఎన్నడొస్తదో!" అని అన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అతని బాధ నాకు బాగా అర్థమైంది. తమ్ముళ్ళ వయసు పిల్లల ప్రక్కన మొదటి సంవత్సరంలో కూర్చోవలసి వస్తుందనే సిగ్గుతో నేను కూడా కాలేజీ దరఖాస్తును పెట్టెలోనే దాచి ఉంచాను.

మరునాడు నాయన మా ఇద్దరినీ మార్కెట్టుకు తీసుకొనిపోయాడు. ఒక బస్తా తూచి దించిన తరువాత, రెండవ బస్తా ఎత్తబోతున్న హమాలీని చేయి చాపి ఆపాడు. కాంటాను చూపి అన్నాడు:

"సున్న చూపెట్టని కాంటను ఏ రైతు నమ్ముతడు బిడ్డా? పొద్దుగాల్నుంచి ఎన్ని బస్తాలు తూచినా, కొత్త బస్తా పెట్టేముందు సున్నకు రావాలె. సున్నకు వచ్చిందంటే కాంట చెడిపోయిందని కాదు, మంచిగున్నదని."

"మరి అంతకుముందు తూచిన బస్తాలు ఎటుపోయినయి నాయినా?" అన్నాడు అన్న.

"చీటీల ఉన్నయి."

అన్న చాలాసేపు మాట్లాడలేదు. పైలటు ఎన్ని గంటలు నడిపినాడో వ్రాసుకొనే లాగ్ పుస్తకం ఒకటి ఉంటుంది. సంస్థ మారితే సీనియారిటీ పోతుంది కాని, ఆ పుస్తకంలోని గంటలను ఎవ్వరూ చెరపలేరు. ఇంటికి రాగానే అన్న ఆ పుస్తకాన్ని పెట్టెలో నుండి తీసి బల్ల మీద పెట్టాడు. నేను నా దరఖాస్తును తీశాను.

ఆ రెండు నెలలు మా ఇల్లు పాఠశాల అయింది. ఎయిర్‌బస్ చోదకుని గదిని యథాతథంగా చూపే పెద్ద కాగితం పటాలను గోడకు అంటించి, ఎదుట రెండు కుర్చీలు వేశాడు. ఎడమ కుర్చీలో నేను ఉత్తుత్తి కెప్టెన్‌ను. నేను పుస్తకం చూసి "ఒక ఇంజనులో నిప్పు!" అంటే, అతడు కాగితం మీది మీటలను వరుస తప్పకుండా తాకుతూ చేయవలసిన పనులను వల్లె వేసేవాడు. ఏటీఆర్ అలవాటు చొప్పున చేయి పాత చోటికే పోయేది. కొత్తది నేర్చుకోవడం కంటె పాతదాన్ని మరవడమే కష్టమని అతడు విసుగుకొనేవాడు.

విమానంలో బరువు ఏ భాగాన ఎంత ఉండాలో లెక్క కట్టే అధ్యాయం ఒకటున్నది. ఒకనాడు నాయన అది విని, "ఇది మా ఎడ్లబండి లెక్కనే కద! ముందట బరువెక్కువైతే ఎడ్ల మెడమీద పడ్తది, వెనుక ఎక్కువైతే కాడి పైకి లేస్తది" అన్నాడు. అన్న నవ్వడం రెండేళ్ళ తరువాత ఆనాడే చూశాను.

చరిత్ర పుటలు తిరగవేస్తే ఇట్టి మార్పులు మన నేలకు కొత్త కావని తెలుస్తుంది. 1945లో నిజాం ప్రభుత్వమూ టాటా సంస్థా కలిసి హైదరాబాదులో డెక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించాయి. ఎనిమిది సంస్థలు నిరాకరించిన ప్రేమ్ మాథుర్ అనే మహిళా పైలటుకు ఉద్యోగమిచ్చిన ఘనత ఆ సంస్థదే. 1953లో జాతీయీకరణ జరిగి, అది ఇతర సంస్థలతో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైంది. సంస్థలు పుట్టి గిట్టుతాయి; నేర్చిన విద్య మాత్రం మనిషితో నడుస్తుంది.

అన్న బయలుదేరవలసిన సమయానికి వాన వచ్చింది. 2024 సెప్టెంబరు 1న కురిసిన కుండపోతకు ఇంటికన్నెకూ కేసముద్రానికీ నడుమ కట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడాయి. రైళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అన్న చేతిలోని టిక్కెట్టు చిత్తుకాగితమైంది. చేరే తేదీ తప్పితే ఈ అవకాశమూ పోతుందని అమ్మ కన్నీరు పెట్టుకొన్నది. నీరు తీయగానే పొరుగువారి జీపులో చుట్టుదారిన వరంగల్లు చేరి, అక్కడ బస్సు పట్టుకొని హైదరాబాదు పోయాడు. బట్టల సంచి తడిసింది గాని, లాగ్ పుస్తకం తడవలేదు. దానిని మిర్చి బస్తాలకు కప్పే ప్లాస్టిక్ పట్టాలో చుట్టి నాయన స్వయంగా కట్టి ఇచ్చాడు. రేయింబవళ్ళు శ్రమించిన రైల్వే కార్మికుల చలవతో ఆ నాలుగవ తేదీకే ఆ దారిన రైళ్ళు మళ్ళీ కదిలాయి.

తరగతులు, సిమ్యులేటరు అభ్యాసం, ఆపై శిక్షకుని సరసన ప్రయాణికులతో నడిపిన విమానాలు - అన్నింటిలో అన్న కృతార్థుడైనాడు. దక్కిన బేసు హైదరాబాదు కాదు, కోల్‌కతా. తరగతిలో తన ప్రక్కన కూర్చున్న ఇరువది నాలుగేళ్ళ కుర్రవాడు జెట్టు మీటల వరుస తనకు నేర్పాడని, తాను అతనికి మబ్బులను చదవడం నేర్పానని ఫోనులో చెప్పాడు.

మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చినదని విన్న నాటి నుండి అమ్మ, "మనోని బేసు మామునూరుకు మార్చరాదా?" అంటున్నది. విమానం దిగే ఊరు వేరు, బేసు వేరు అని ఎంత చెప్పినా వినదు. హైదరాబాదు కోరేవారి జాబితాలో అన్న వరుస సంఖ్య ఎంతకు వచ్చిందో నెలనెలా అడుగుతుంది. ఆ సంఖ్య మెల్లగానైనా తగ్గుతున్నది.

నేనిప్పుడు ఈ కళాశాలలో ద్వితీయ సంవత్సర విద్యార్థిని. మొదటి దినం వెనుక బల్ల మీద తలవంచుకొని కూర్చున్న నన్ను, నాకంటె రెండేళ్ళు చిన్నదైన ఒక అమ్మాయి "అక్కా, ఇక్కడ చోటున్నది, రా" అని ముందుకు పిలిచింది. సోదర విద్యార్థులారా, ఏదో ఒక కారణాన చదువు నిలిచి, తిరిగి వచ్చినవారు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు ఉంటారు. వారిని ముందు బల్లకు పిలవండి. వారు సున్నా దగ్గర ఉండవచ్చు. వారి చీటీలో ఏమున్నదో మీకింకా తెలియదు.