నాగార్జునసాగరం - మావాడి అలక

దసరా సెలవులు వస్తున్నాయంటే మా ఇంట్లో అందరికంటే ముందు హడావిడి పడేవాడు మా అబ్బాయి. వాడికి తొమ్మిదేళ్లు. పోయిన దసరాకు వాడి కోరిక ఒక్కటే: నాగార్జునసాగరం గేట్లలోంచి నీళ్లు దూకుతుండగా చూడాలి. గేట్లు ఎత్తారని పత్రికలో బొమ్మ పడిన రోజే దాన్ని కత్తిరించి గోడకు అంటించుకున్నాడు. డ్రాయింగు పుస్తకంలో 26 గేట్లూ లెక్క తప్పకుండా గీశాడు.

"ఆదివారం వెళదాం" అన్నాను. ఆ ఆదివారం నా బల్లమీద పరీక్ష పేపర్ల కట్టలు పేరుకుపోయి ఉన్నాయి. "గురువారం తప్పకుండా" అన్నాను. నేను పేపర్లు దిద్దడం పూర్తయ్యేదాకా కృష్ణమ్మ ఆగుతుందనుకున్నాను కాబోలు!

గురువారం తెల్లవారుజామున గుంటూరులో బస్సెక్కాం. నరసరావుపేట దాటాక పల్నాడు మొదలవుతుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మిరపచేలు, పత్తిచేలు, మాచర్ల దగ్గర నాపరాళ్లు. మావాడు కిటికీ వదలలేదు. ప్రతి వాగు దగ్గరా "ఇదేనా కృష్ణ?" అని అడుగుతూనే ఉన్నాడు.

సాగరం చేరి, ఆనకట్ట దిగువనున్న వంతెన మీదికి వెళ్లాం. ఎదురుగా కొండంత ఆనకట్ట. నీటిచుక్క దూకడం లేదు. అంతా నిశ్శబ్దం.

"నిన్న సాయంత్రమే గేట్లు దించేశారండీ" అన్నాడు టీ కొట్టు అతను. "మొన్న వచ్చి ఉంటే ఇక్కడిదాకా తుంపర కొట్టేది."

మావాడు ఏడవలేదు. డ్రాయింగు పుస్తకం సంచిలో పెట్టేసుకున్నాడు. "నేను ఆదివారమే వెళదామన్నాను" అన్నాడు. అంతే.

నేను లెక్చరర్ని గదా! లెక్చరు మొదలుపెట్టాను. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేయడం, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలడం, వేలమంది కూలీలు రాయిమీద రాయి పేర్చి 400 అడుగులకు మించిన గోడ లేపడం, అన్నీ వివరించాను.

"అవన్నీ పుస్తకంలో ఉన్నాయి నాన్నా" అన్నాడు వాడు.

కాల్చిన మొక్కజొన్న పొత్తు కొనిచ్చాను. పుచ్చుకోలేదు.

"ఏమండీ, వాడికి కావలసింది పొత్తు కాదు" అంది మా ఆవిడ మెల్లగా. "తప్పెవరిదో మీ నోటితో ఒక్కమాట చెప్పండి."

వాడి పక్కన చతికిలబడ్డాను. "ఒరేయ్, ఆ పేపర్లు రాత్రిళ్లు దిద్దుకుని ఉండవచ్చు. ఆదివారం రాగలిగి ఉండీ రాలేదు. తప్పు నాదే" అన్నాను.

సాగరం గేట్లు దించారు గాని, మావాడి గేట్లు అప్పుడు ఎత్తారు! నా భుజంమీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. ఊరుకోమని నేను అనలేదు. పెద్దవాళ్లం మనకు కోరుకున్నది దక్కకపోతే పదిరోజులు సణుగుతాం. పిల్లవాడికి పావుగంట ఏడ్చే హక్కు లేదా?

ఏడుపు తీరాక తనంతట తానే అడిగాడు: "అసలు ఎందుకు మూశారు?"

అప్పుడు చెప్పాను. జలాశయం నిండు మట్టం 590 అడుగులు. శ్రీశైలం నుంచి అంతకు మించి వరద వస్తే గేట్లు ఎత్తుతారు. వరద తగ్గితే దించుతారు. గేట్లు ఎత్తేది మనబోటివాళ్ల వేడుకకు కాదు. నిలిచిన నీళ్లే కుడి, ఎడమ కాలువల్లో పారి చేలను తడుపుతాయి.

"అయితే నేను చూడాల్సిన నీళ్లు లోపలే ఉన్నాయా?"

"కొన్ని దిగువకు పోయాయిరా. మిగిలినవి ఉన్నాయి. పద, చూపిస్తాను."

ఆటోలో అనుపు వెళుతుంటే జలాశయం కనిపించింది. కనుచూపు మేర నీలంగా నీళ్లు. మావాడు మొదటిసారి నోరు తెరిచాడు. ఆ నీళ్లకింద ఒక లోయ ఉందని చెప్పాను. మూడవ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజుల విజయపురి అక్కడే ఉండేది. సాగరం కడితే అది మునిగిపోతుందని, 1954 నుంచి 1960 దాకా త్రవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను ఎత్తుకు తరలించారు. అనుపులో కనిపించే మెట్ల రంగస్థలం, బౌద్ధ విహారం అలా మళ్లీ కట్టినవే.

మావాడు ఆ మెట్లెక్కి పైన నిలబడి, "అయితే ఊరంతా తేలేకపోయారా?" అన్నాడు.

"తేలేకపోయారు. తేగలిగినంత తెచ్చారు."

వాడేమీ అనలేదు. సంచిలోంచి పుస్తకం తీసి, ఆ మెట్లమీదే కూర్చుని ఇంకో బొమ్మ గీశాడు. ఈసారి 26 గేట్లూ మూసి ఉన్నాయి. వెనుక పేజీ నిండా నీళ్లు.

నాగార్జునకొండ మ్యూజియానికి లాంచీలో వెళ్లే వ్యవధి లేకపోయింది. తిరుగు బస్సులో వాడు ఆ బొమ్మ నా ఒళ్లో పెట్టాడు.

"మళ్లీ గేట్లు ఎత్తితే?"

"కబురు తెలిసిన మర్నాడే వద్దాం."

"అయితే ఇక్కడ సంతకం పెట్టు."

పెట్టాను. ఆ బొమ్మ ఇప్పుడు నా బల్ల ఎదురుగా గోడమీద ఉంది. పేపర్ల కట్ట విప్పేటప్పుడల్లా ముందుగా దానివంక చూస్తాను.