జువ్వలదిన్నెకు రెండు కార్లు

నాన్నగారి అంబాసిడరును ఉంచాలా, అమ్మాలా? ఆ తర్జనభర్జన తెగకుండానే ఒక ఆదివారం కావలినుంచి జువ్వలదిన్నె సముద్రానికి బయలుదేరాం. మాది 1984 నాటి డీజిలు బండి. మా బావమరిదిది 1986 నాటిది.

"రెండేళ్ళు చిన్నది బావా! ఆ హుషారు వేరు" అన్నాడతడు. బోనెట్లు ఎత్తితే రెండింటా అదే 1489 సి.సి. ఇంజను!

బిట్రగుంట దాకా రెండూ జోడెడ్లలా నడిచాయి. తూర్పుకు తిరిగేసరికి సముద్రపు ఎదురుగాలి. మా బండి నల్లటి పొగ కక్కుతూ వెనకబడింది. ముందు బండిలో పిల్లల వెక్కిరింతలు!

జువ్విచెట్టు మాట పేరులోనే వినిపించే ఆ ఊళ్ళో, రేవు దగ్గర పడవ ఇంజను బాగుచేస్తున్న మేస్త్రీ మా పొగ చూసి నవ్వాడు. గాలి వడపోసే డబ్బా విప్పితే అడుగంతా మడ్డి.

"ఊపిరాడకపోతే డీజిలు ఎట్టా మండుద్ది సారూ? మండని డీజిలే ఈ పొగ" అంటూ కడిగి, కొత్త నూనె పోసి బిగించాడు.

గాలివాటున ఇంటికెళ్ళడం పరీక్షే కాదని బావమరిది పేచీ. సరేనని కొంతదూరం వెనక్కి వెళ్ళి, అదే దారిన ఎదురుగాలికి మళ్ళీ నడిపాం. జానెడు తేడా లేదు!

అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ఉన్నవాటికి ఊపిరి పోసుకోవడమే మన పని. అమ్మకం మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.