సౌండ్ ఆపి చూడండి, సావిత్రి కనిపిస్తుంది!

అమ్మో, సినిమాని ఇలా కూడా చూస్తారా!

పుట్టి పెరిగింది షేక్‌పేటలోనే. ఫిల్మ్‌నగర్ మాకు కూతవేటు దూరం. రామానాయుడు స్టూడియో గేటు, హీరోల కార్లు, షూటింగుల జనం... ఇన్ని చూశాక సినిమా గురించి నాకు తెలియనిదేముంది అనుకునేదాన్ని. ఏమీ తెలీదండీ! సున్నా!

అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఫిల్మ్ కాలేజీ ఉంది తెలుసా? స్టూడియో ఆవరణలోనే! అక్కినేని నాగేశ్వరరావు గారు 1970ల్లో కట్టిన చోట 2011 నుంచి సినిమా చదువు చెబుతున్నారు. కెమెరా, ఎడిటింగ్ సరే, చూడటం కూడా నేర్పుతారని ఎవరనుకుంటారు!

అక్కడ మా క్లాసులో మేడమ్ ‘మాయాబజార్’ వేశారు. 1957 నాటిది, కె.వి.రెడ్డి గారిది, మా ఇంట్లో అందరికీ డైలాగులతో సహా కంఠతా వచ్చిన సినిమా. పెళ్లి సీను రాగానే టక్కున సౌండ్ ఆపేశారు.

అంతే! శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు కదా. మాటల్లేవు, సంగీతం లేదు, ఉన్నదల్లా సావిత్రి! ఆ భుజం విరుపు, ఆ కళ్లలో కొంటె రాక్షసత్వం, మరుక్షణమే పెళ్లికూతురి ముద్దు ముద్దు సిగ్గు! పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడి కాలు తొక్కుతుంటే, ఆ వేషం వేసిన రేలంగి మొహం చూడాలి! నవ్వి నవ్వి చచ్చాం.

“ఎవరి మీద కెమెరా ఎంతసేపు నిలిచింది?” అన్నారు మేడమ్. అందరం తెల్లమొహాలు వేశాం. మళ్లీ వేశారు, మళ్లీ, మళ్లీ! షాట్ మారే ఆ క్షణమే మనల్ని నవ్విస్తోందని అప్పుడు గానీ బుర్రకెక్కలేదు.

ఆ ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? తెరిస్తే ఎవరికి ఇష్టమైనది వాళ్లకి కనిపిస్తుంది, శశిరేఖకి అభిమన్యుడు. ఇన్నాళ్లూ ఏదో మాయ అనుకుని వదిలేశాను. అది తెర! సినిమాలో సినిమా! మన దేశంలో టీవీ మొదలైందే 1959లో, ఢిల్లీలో. అంతకు రెండేళ్ల ముందే, బొమ్మ ముందు కూర్చుని నచ్చింది చూసుకుని మురిసిపోయే మనల్ని చూపించేశారు! ఫోను చేతిలో పట్టుకుని ఇప్పుడు చేస్తున్నదీ అదే కదూ? ఒళ్లు ఝల్లుమంది నాకైతే.

ఇంక నౌకావిహారం పాటలో కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ కురిపించిన వెన్నెల... దాని గురించి మొదలుపెడితే ఆపలేను!

మీరూ చూడండి! 2010లో రంగులద్దిన ప్రింటు వద్దు, నలుపు తెలుపుదే చూడండి. ఆ వెలుగునీడలు అందులోనే బతికున్నాయి. ముందు సౌండ్ తీసేసి, తర్వాత పెట్టి.

ఇంట్లో అలా పెడితే “పాడైందా ఏంటే టీవీ?” అని నానమ్మ రిమోట్ లాక్కోబోయింది. కాసేపటికి ఆవిడే, “ఉండవే, సౌండ్ పెట్టకు, సావిత్రి చెయ్యి చూడనీ!” అని కసిరింది.